వినోదం తెలుగులో, ఆరోగ్యం ఒడియాలో: సరిహద్దు జిల్లాల టీవీలో సెక్స్ గురించిన మాట

క్లుప్తంగా: ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల తెలుగు ఇళ్లకు సీరియళ్లు ఆంధ్ర, తెలంగాణల నుంచి వస్తాయి. ప్రభుత్వ ఆరోగ్య ప్రచారం మాత్రం ఒడియాలో వస్తుంది. సెక్స్ గురించి ఇంట్లో మాట పెగలకపోవడానికి సంస్కృతితో పాటు, టీవీ ఏ భాషలో, ఏ ప్యాక్‌లో, ఏ వేళలో, ఎవరెవరు కలిసి కూర్చున్నప్పుడు చేరుతోందన్నది కూడా కారణమే. కథలు ఆలోచనను మారుస్తాయని పరిశోధనలు చూపుతున్నాయి. అయితే ఆ మార్పు ఆచరణలోకి రావాలంటే దగ్గర్లో ఒక మనిషో, ఒక క్లినిక్కో ఉండాలి.

కండోమ్ ప్రకటనల మీద ఆంక్షలు పెట్టినా, బడిలో లైంగిక విద్య ప్రస్తావన వచ్చినా, ఏవో యాప్‌లను కేంద్రం నిలిపేసినా రెండు వాదనలు బయల్దేరతాయి. టీవీ పిల్లల్ని పాడుచేస్తోందని ఒకరు, టీవీ లేకపోతే ఈ మాత్రం చైతన్యమైనా ఉండేది కాదని మరొకరు. రెండు వాదనలూ ఒక విషయాన్ని అడగకుండానే ఒప్పేసుకుంటాయి: టీవీ అందరికీ ఒకేలా చేరుతోందని. ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఆ లెక్క తప్పుతుంది. 2011 జనాభా లెక్కల్లో ఒడిశాలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు ఆరు లక్షలకు పైనే. వారిలో చాలామంది గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో, గోపాలపురం వైపు సముద్రతీర మత్స్యకార పల్లెల్లో ఉన్నారు. వీళ్లకు సినిమా, సీరియల్, పాట తెలుగు. బడి, రేషన్ కార్డు, ఆసుపత్రి చీటీ ఒడియా.

మౌనం అంత పాతదేం కాదు

‘మన సంస్కృతిలో ఇలాంటివి మాట్లాడరు’ అనే మాట సగమే నిజం. తెలుగు ఇళ్లలో ఆడపిల్ల పెద్దమనిషైతే బంధువులకు కబురు పెట్టి, పీటల మీద కూర్చోబెట్టి, అక్షింతలు వేసి, భోజనాలు పెడతారు. ఈ మధ్య ఫ్లెక్సీలు కూడా కడుతున్నారు. ఒడిశాలో జూన్ నెల మధ్యలో మూడు రోజుల రజ పండగ జరుగుతుంది. భూమాత రజస్వల అయిందని నమ్మి ఆ రోజుల్లో దున్నడం మానేస్తారు, ఆడపిల్లలు ఉయ్యాలలూగుతారు, పొడొ పిఠా వండుతారు. బరంపురంలోని తెలుగు కుటుంబానికి ఈ రెండూ తెలుసు. నెలసరిని ఊరంతా పండగ చేసుకునే సంప్రదాయాన్ని సిగ్గు సంప్రదాయం అనలేం. కాకపోతే ఈ రెండు వేడుకల్లోనూ ఆ పిల్లకు తన ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పే ఘట్టం లేదు. సంఘటనకు చాటింపు ఉంది, వివరణకు చోటు లేదు.

సాహిత్యంలో సంగతి వేరు. అక్కడ మౌనాన్ని కొంతమేరకు చట్టం తయారుచేసింది. 18వ శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని శృంగార కావ్యాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తిగా అచ్చు వేయిస్తే, అశ్లీలమంటూ మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అప్పటికి గంజాం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే, కాబట్టి ఆ నిషేధం బరంపురానికీ వర్తించింది. స్వాతంత్య్రం వచ్చే రోజుల్లో టంగుటూరి ప్రకాశం హయాంలో నిషేధం తొలగేసరికి గంజాం ఒడిశాలో కలిసి పదేళ్లు దాటింది. ఆస్థానాల్లో వినిపించిన పద్యాన్ని నేరం కింద లెక్కగట్టింది 19వ శతాబ్దపు శిక్షాస్మృతి. ఆనాటి కొలబద్దే కాస్త అటూ ఇటూగా ఇవాళ్టి ప్రసార నియమాల్లోకి వచ్చి చేరింది.

ఒక టీవీ, ఇంటిల్లిపాదీ

టీవీకి ముందు తెలుగువాళ్లకు సెక్స్ గురించి తెలిసే దారి ఒకటుండేది: వారపత్రికల్లో డాక్టర్ల ప్రశ్న–జవాబుల శీర్షికలు. విజయవాడ డాక్టర్ సమరం పేరు రెండు తరాలకు తెలియడానికి కారణం అవే. చదివేవాడు ఒంటరిగా చదువుకుంటాడు, అడిగేవాడు పేరు దాచుకుంటాడు. ఆ చాటు ఉంది కాబట్టే ఆ శీర్షికలు అన్నేళ్లు నడిచాయి.

టీవీ ఆ చాటును తీసేసింది. హాల్లో ఒకే సెట్టు, దాని ముందు అత్తగారు, కోడలు, పదో తరగతి పిల్లవాడు, భోంచేస్తున్న మామగారు. ప్యాడ్ల ప్రకటన రాగానే ఎవరో ఒకరికి దాహం వేస్తుంది, లేదా రిమోట్ కోసం చెయ్యి వెళుతుంది. ప్రకటనలో ఏం చెప్పారన్నది అప్పుడు ఎవరికీ పట్టదు. పక్కన ఎవరున్నారన్నదే ముఖ్యం. అందుకే టీవీలో సెక్స్ ఎప్పుడూ ఏదో ఒక ముసుగులో వస్తుంది. సీరియల్‌లో శోభనం గది తలుపు మూసుకుంటుంది, రెండు వారాల తర్వాత కోడలికి వాంతులవుతాయి. ఆ మధ్యలో ఏ నిర్ణయమూ ఉండదు. పిల్లలు ఇప్పుడే వద్దనుకోవడం, మాత్రలు, కండోమ్, ‘నాకిష్టం లేదు’ అనడం, ఇవేవీ కథలోకి రావు. గర్భం ఒక మలుపుగా మాత్రమే వస్తుంది. కామెడీ షోల్లో దీనికి పూర్తిగా తిరగబడిన వరస: అంతా డబుల్ మీనింగే. జోకు అర్థమైనవాళ్లు నవ్వుతారు, పిల్లలు అర్థం కానట్టు నటిస్తారు. ఇంట్లో అందరూ కలిసి చూడగలిగేది ఆ జోకే కావడం, ప్యాడ్ల ప్రకటన కాకపోవడం కాస్త విడ్డూరమే.

నియమాలు కూడా ఈ హాలును ఊహించుకునే తయారయ్యాయి. కేబుల్ టీవీ చట్టం 1995లో వచ్చింది. దాని కిందే కార్యక్రమాలకు, ప్రకటనలకు నియమావళులున్నాయి. పెద్దలకు మాత్రమే అని సర్టిఫికెట్ ఉన్న సినిమా కోతలు లేకుండా టీవీలో రాకూడదు. బ్రాడ్‌కాస్టర్ల స్వీయ నియంత్రణ పద్ధతిలో, పిల్లలకు తగనివి అనుకున్న కార్యక్రమాలను రాత్రి 11 నుంచి ఉదయం 5 మధ్యకు నెట్టారు. పిల్లలు వేరే గదిలో త్వరగా పడుకుంటారన్నది దీని వెనకున్న ఊహ. రెండు గదుల ఇంట్లో అది నిలవదు.

2017 డిసెంబరులో సమాచార ప్రసార శాఖ కండోమ్ ప్రకటనలను రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకే వేయాలని చానళ్లకు చెప్పింది. విషయం రాజస్థాన్ హైకోర్టు దాకా వెళ్లింది. శృంగారాన్ని రెచ్చగొట్టే ప్రకటనలకే ఈ సలహా వర్తిస్తుందని, ఆరోగ్య సమాచారం ఇచ్చేవి ఎప్పుడైనా వేసుకోవచ్చని అదే నెలలో శాఖ వివరణ ఇచ్చింది. గమనించాల్సింది ఏమిటంటే, అప్పటికే కండోమ్ కంపెనీలు తమ సరుకును ఆరోగ్యం పేరుతో కాక సుఖం పేరుతో అమ్ముతున్నాయి. 1968లో ప్రభుత్వం తెచ్చిన నిరోధ్‌కు కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం తోడుండేది. ప్రైవేటు బ్రాండ్లకు సువాసనలు, బీచ్‌లు తోడయ్యాయి. రెండోరకం తెరంతా ఆక్రమించాక మొదటిరకం కూడా అశ్లీలం ఖాతాలో పడిపోయింది. ఇంకోపక్క లైంగిక శక్తి మందుల ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. అయినా చిన్న ఊళ్ల గోడల మీద, లోకల్ కేబుల్ చానళ్ల అడుగున పరుగెత్తే అక్షరాల్లో అవి కనిపిస్తూనే ఉంటాయి. సమాచారాన్ని ఆపినంత గట్టిగా మోసాన్ని ఆపలేకపోతున్నారు.

సిగ్నల్ వచ్చిన దారి

ఈ ప్రాంతానికి టీవీ ఎలా చేరిందో చూస్తే భాష సమస్య మొదటి నుంచీ ఉందని తెలుస్తుంది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఇస్రో, నాసా కలిసి ఉపగ్రహ టీవీ ప్రయోగం నడిపాయి. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాల్లో పంచాయతీ సెట్లు పెట్టి వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ పాఠాలు చూపించారు. ఆంధ్రప్రదేశ్, ఒడిశా రెండూ అందులో ఉన్నాయి. తెలుగు కార్యక్రమాలు తెలుగు రాష్ట్రానికి, ఒడియావి ఒడిశాకు. రాష్ట్రం అంటే ఒక భాష అన్న లెక్క అక్కడే ఖాయమైంది. తర్వాత 1984లో ట్రాన్స్‌మిటర్లు ఊరూరా వెలిసినప్పుడు వచ్చింది ఢిల్లీ హిందీ. పర్లాకిమిడి తెలుగు ఇంటికి అది మూడో భాష.

తెలుగువాళ్లకు టీవీ తమదైంది కేబుల్‌తోనే. 1995లో జెమిని, ఈటీవీ మొదలయ్యాయి. డిష్ పెట్టుకున్న కేబుల్‌వాలాకు తన వీధి తెలుసు. తెలుగు వీధి అయితే తెలుగు చానళ్లు, ఒడియా వీధి అయితే ఒడియావి, రెండూ ఉంటే రెండూ. నెలకు ఒకటే రేటు. లెక్కలు గందరగోళంగా ఉన్నా, భాషాపరంగా చూస్తే ఆ కాలమే సరిహద్దు ప్రేక్షకుడికి మేలు చేసింది.

సెట్‌టాప్ బాక్స్ వచ్చాక ఆ పాత వెసులుబాటు తగ్గింది. 2019 ఫిబ్రవరి 1 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త టారిఫ్ అమలైంది. అప్పట్లో 100 చానళ్లకు 130 రూపాయల నెట్‌వర్క్ రుసుము, పే చానళ్లకు విడిగా ధర. కోరినవే కొనుక్కోవచ్చన్నది ఉద్దేశం. ఆచరణలో మాత్రం రాష్ట్రాన్ని బట్టి కట్టిన ప్యాకులే నడుస్తాయి. ఒడిశా ప్యాక్‌లో ఒడియా, హిందీ ముందుంటాయి. పెద్ద తెలుగు వినోద చానళ్లు పే చానళ్లు కాబట్టి అదనంగా కట్టాలి. నెలవారీ రుసుము లేని డీడీ ఫ్రీ డిష్‌కు మారితే హిందీ చానళ్ల జోరే ఎక్కువ. అంటే డబ్బు తక్కువున్న తెలుగు ఇల్లు హిందీకి మళ్లుతుంది, కాస్త ఉన్న ఇల్లు తెలుగు చూస్తుంది. ఏ సందేశం ఏ ఇంటికి చేరుతుందన్నది అలా కూడా తేలిపోతుంది.

దీనికి తోడు రేటింగుల లెక్క. వాటిలో తెలుగు చానళ్లకు ముఖ్యమైన మార్కెట్ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. ఇచ్ఛాపురం దాటి గిరిసోలా చెక్‌పోస్టు అవతల ఒడిశాలో ఎంతమంది చూసినా తెలుగు ప్రకటనదారుకు దాంతో పనిలేదు. ఒడిశా ప్రభుత్వ ప్రకటనలకు ఒడియా చానళ్లు చాలు. రెండు రాష్ట్రాల ప్రచార బడ్జెట్లకూ ఈ ప్రేక్షకుడు కనిపించడు.

మాట ఒకచోట, సేవ ఒకచోట

ఈ తేడా సెక్స్ విషయంలోనే ఎందుకు ఎక్కువగా బాధిస్తుంది? పోలియో చుక్కల గురించి పొరుగింటివాళ్లను అడగొచ్చు. గర్భనిరోధం గురించో, తెల్లబట్ట గురించో, పిల్లవాడి భయాల గురించో అడగడానికి భాష కావాలి, చాటు కావాలి. కౌమార వయసువారి కోసం ఒడిశా ఆసుపత్రుల్లో శ్రద్ధా క్లినిక్‌లు నడుపుతున్నారు. 2014లో కేంద్రం మొదలుపెట్టిన కిశోర ఆరోగ్య కార్యక్రమం కింద ఊళ్లో తోటి వయసు పిల్లలకే శిక్షణ ఇస్తారు. తెలుగు టీవీ చూసే పిల్లకు శ్రద్ధా క్లినిక్ అనే పేరు ఆ తెర మీద ఎన్నడూ వినిపించదు. తెలుగు చానల్‌లో కనిపించే ఫోన్ నంబరు, పథకం పేరు ఆంధ్రప్రదేశ్‌వో తెలంగాణవో అయివుంటాయి. అర్థమయ్యే భాషలో వచ్చిన సేవ అందుబాటులో ఉండదు. అందుబాటులో ఉన్న సేవ గురించి అర్థమయ్యే భాషలో ఎవరూ చెప్పరు. ఆంధ్రలోని పాతపట్నానికీ ఒడిశాలోని పర్లాకిమిడికీ మధ్య దూరం నడిచిపోయేంతే, కానీ ఆశా కార్యకర్త రిజిస్టరు ఆ గీత దాటదు.

కుటుంబ నియంత్రణ అంకెల్లో ఇంకో లోతైన తేడా ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన మహిళల్లో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. ఒడిశాలో ఆ వాటా 28 శాతం. దేశం మొత్తం మీద మగవారి ఆపరేషన్ 0.3 శాతం. ఈ అంకెలను ఆరోగ్య శాఖ విజయంగా చదవొచ్చు, వేరేలా కూడా చదవొచ్చు. ఆపరేషన్‌కు ఒకసారి నిర్ణయం చాలు. చాలా ఇళ్లలో అది అత్తగారో అమ్మో తీసుకుంటుంది, ఇద్దరు పిల్లలు పుట్టాక చేయించేస్తారు. మాత్రకో కండోమ్‌కో భార్యాభర్తలు మళ్లీ మళ్లీ మాట్లాడుకోవాలి. ఇద్దరు చాలన్న లక్ష్యాన్ని తెలుగు సమాజం ఆ సంభాషణ లేకుండానే అందుకుంది. సంతానోత్పత్తి రేటు ఆంధ్రలో 1.7కు, ఒడిశాలో 1.8కి దిగింది. అంటే కుటుంబం చిన్నదవడానికి సెక్స్ గురించి మాట్లాడటం అక్కర్లేకపోయింది. తెలుగు సీరియల్‌లో గర్భనిరోధం కనిపించకపోవడం ఈ చరిత్రకు అద్దం పడుతుంది. దాన్నే చూసే సరిహద్దు కోడలి చుట్టూ ఉన్న ఆరోగ్య వ్యవస్థ మాత్రం వేరే అలవాట్లది.

బాల్యవివాహాల్లోనూ ఇదే తిరకాసు. అదే సర్వేలో 20–24 ఏళ్ల మహిళల్లో 18 లోపే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, ఒడిశాలో 20.5 శాతం, దేశ సగటు 23.3. సీరియళ్లకూ ఈ అంకెకూ నేరుగా ముడిపెట్టడం తొందరపాటు. అయితే గంజాం అనుభవం ఒకటి ఇక్కడ పనికొస్తుంది. 2019లో ఆ జిల్లాలో ‘నిర్భయ కఢీ’ పేరుతో బడుల ద్వారా పని మొదలుపెట్టారు. బడికి రాని ఆడపిల్లల జాడ తీయడం, పెళ్లి కబురు తెలిస్తే తెలియజేయడం, ఊళ్లో ఒప్పించడం ఇందులో భాగం. 2022 జనవరిలో జిల్లా యంత్రాంగం తమది బాల్యవివాహ రహిత జిల్లాగా ప్రకటించుకుంది. ప్రకటన ఎంతవరకు నిలిచిందన్నది వేరే చర్చ. పని జరిగిన తీరు చూస్తే తెర పాత్ర చాలా తక్కువ, టీచర్లు, తోటి పిల్లల పాత్ర చాలా ఎక్కువ.

మగవాళ్ల సంగతి చెప్పుకోకపోతే ఈ బొమ్మ పూర్తి కాదు. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వలస దశాబ్దాలుగా సాగుతోంది. హెచ్ఐవీ విషయంలో ఆ జిల్లాపై ప్రత్యేక దృష్టి పెట్టడానికి ఈ వలసే ముఖ్య కారణం. 2000ల మొదట్లో ఆంధ్రలో ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అని హోర్డింగులు పెట్టినప్పుడు ఊరంతా దాని గురించే మాట్లాడింది, నవ్వింది, తిట్టింది. ఆ ప్రచారం వీధిలో నిలబడి మగవాళ్లను అడిగింది. ఇంటి హాల్లో టీవీ చూసేది ఎక్కువగా ఆడవాళ్లు. సూరత్ గదిలో ఉన్న మగవాడికి ఆ టీవీ చేరదు. హెచ్ఐవీపై సమగ్ర అవగాహన దేశంలో మగవారిలో 30.7 శాతం, ఆడవారిలో 21.6 శాతమే. చూసేవాళ్లు ఒకరు, ముప్పు మోసుకొచ్చేవాళ్లు ఇంకొకరు అయినప్పుడు ప్రకటన ఎంత బాగున్నా సగమే పనిచేస్తుంది.

కథ మారుస్తుంది, ఉపన్యాసం మార్చదు

టీవీ ఆలోచనలను మారుస్తుందా అన్నదానికి ఆధారాలు బాగానే ఉన్నాయి. రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఓస్టర్ 2009లో ప్రచురించిన అధ్యయనం తమిళనాడు, బిహార్, హర్యానా, గోవా గ్రామాలతో పాటు ఢిల్లీనీ పరిశీలించింది. కేబుల్ కొత్తగా వచ్చిన ఊళ్లలో భార్యను కొట్టడం తప్పులేదనే మాట తగ్గింది, కొడుకే కావాలన్న పట్టు సడలింది, కాన్పులు తగ్గాయి. ఆ ఊళ్లు చూసింది ఆరోగ్య పాఠాలు కాదు, మామూలు వినోదం. బ్రెజిల్‌లో గ్లోబో చానల్ సీరియళ్ల మీద వచ్చిన అధ్యయనమూ అదే చెప్పింది: తెర మీద చిన్న కుటుంబాలు కనిపించిన ప్రాంతాల్లో కాన్పులు తగ్గాయి. నైజీరియాలో యువత కోసం తీసిన సీరియల్ చూసినవాళ్లలో హెచ్ఐవీ పరీక్షకు వెళ్లినవాళ్లు చూడనివాళ్లకు దాదాపు రెట్టింపు.

అన్ని ఫలితాలూ ఇంత సాఫీగా లేవు. అమెరికాలో టీనేజీ తల్లుల మీద తీసిన రియాలిటీ షో వల్ల ఆ వయసు కాన్పులు తగ్గాయని 2015లో ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్క తేలిస్తే, ఆ లెక్కల పద్ధతినే ఇతర పరిశోధకులు తప్పుబట్టారు. మన దూరదర్శన్ మొదటి పెద్ద సీరియల్ ‘హమ్ లోగ్’ 1984లో మెక్సికో నమూనాతో కుటుంబ నియంత్రణ కోసమే మొదలైంది. తొలి భాగాల్లో బోధ ఎక్కువైందని ప్రేక్షకులు విసుక్కున్నారు. దాంతో ఆ సందేశాన్ని తగ్గించి ఇంటి గొడవలను పెంచారు, సీరియల్ నిలబడింది. తెలుగు ప్రైవేటు సీరియళ్లు ఈ పాఠాన్ని బాగానే వంటబట్టించుకున్నాయి, కాకపోతే సందేశం అనే భాగాన్ని పూర్తిగా వదిలేసి.

ఫోన్ తెచ్చిన చాటు

2016 సెప్టెంబరులో జియో వచ్చాక వారపత్రిక కాలం నాటి చాటు తిరిగొచ్చింది. దుప్పటి కింద ఫోన్ ఉంటే ఎవరూ నీళ్లడగాల్సిన పని లేదు. 2021 ఐటీ నియమాలు ఓటీటీలకు వయసు వర్గీకరణ పెట్టాయి: 7, 13, 16 ఏళ్లు పైబడినవారికి, పెద్దలకు. 2024 మార్చిలో కేంద్రం అశ్లీలమంటూ 18 ఓటీటీ వేదికలను ఆపేసింది. ఈ ఆంక్షల సంగతెలా ఉన్నా, పాత చాటులో జవాబు చెప్పడానికి ఒక డాక్టరు ఉండేవాడు. కొత్త చాటులో దృశ్యం ఉంది, వివరించేవాడు లేడు. దాంతో పిల్లలు ఒకే విషయాన్ని మూడు చోట్ల మూడు రకాలుగా చూస్తున్నారు: టీవీలో మూసిన తలుపు, ఫోన్‌లో ముసుగే లేని దృశ్యం, బడిలో టీచరు ఇంట్లో చదువుకోమని దాటేసిన పాఠం. ఆ పాఠం కూడా ఒడియా మాధ్యమంలో ఉంటుంది.

బడిలో చెప్పాలా వద్దా అన్న వివాదం పాతదే. 2007 ప్రాంతంలో కౌమార విద్య కార్యక్రమాన్ని మహారాష్ట్ర, గుజరాత్, మధ్యప్రదేశ్, కర్ణాటక నిలిపేశాయి. 2009లో వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ కమిటీ కూడా బడుల్లో లైంగిక విద్య వద్దంది. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మాత్రం దాన్ని పాశ్చాత్య భావనగా చూడటం అపోహ అని, పిల్లల రక్షణకు అది అవసరమని చెప్పింది. కోర్టు మాట పాఠ్యపుస్తకంలోకి, అక్కడి నుంచి టీచరు నోటికి రావడానికి ఎంతకాలం పడుతుందో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో వేగం.

ఇక్కడి నుంచి ఎటు

సరిహద్దు జిల్లాలకు సంబంధించినంత వరకు కొన్ని మార్పులకు పెద్ద చట్టాలు అక్కర్లేదు. డిజిటల్ ప్రసారంలో ఒకే బొమ్మకు రెండు మూడు భాషల శబ్దం జోడించడం ఎప్పటి నుంచో ఉంది. కార్టూన్లు, క్రికెట్ అలాగే వస్తున్నాయి. ఆరోగ్య కార్యక్రమాలకు ఆ సౌకర్యాన్ని వాడితే ఒడియా చానల్ మీదే తెలుగు వినిపించొచ్చు. బరంపురం, రాయగడ కేబుల్ ఆపరేటర్ల లోకల్ చానళ్లలో నగల దుకాణాల ప్రకటనల మధ్య శ్రద్ధా క్లినిక్ ఏ ఆసుపత్రిలో, ఏ రోజు, ఏ గదిలో ఉందో తెలుగులో చెప్పడానికి ఖర్చు తక్కువే. అక్కడ తెలుగు తెలిసిన కౌన్సిలర్ ఉంటేనే ఆ ప్రకటనకు అర్థం. భాష రాని కౌన్సిలర్ ముందు పిల్ల తరఫున అమ్మ మాట్లాడాల్సి వస్తే, పిల్ల అడగాలనుకున్నది అడగకుండానే ఇంటికి వస్తుంది.

కష్టమైంది సీరియల్ సంగతి. హైదరాబాద్‌లో కథ రాసేవారికి గజపతి జిల్లా ప్రేక్షకులు లెక్కలో లేరు, వాళ్ల కోసం ఎవరూ కథ మార్చరు. కాబట్టి తెలుగు సీరియల్ మారితే మొత్తం తెలుగువారి కోసమే మారాలి. పెళ్లయిన జంట పిల్లల గురించి ఒక్క నిమిషం మాట్లాడుకునే సన్నివేశానికి ప్రసార నియమావళిలో ఏ అభ్యంతరమూ లేదు, రాత్రి 11 దాకా ఆగాల్సిన పనీ లేదు. అడ్డు వచ్చేది రేటింగు పడిపోతుందన్న భయం. ఆ భయం నిజమో కాదో తెలియాలంటే ఏదో ఒక చానల్ ముందుగా ఆ సన్నివేశం వేసి చూడాలి.